కలంకారీ వస్త్రములో చెట్టు చేమ

హైదరాబాదు నగరానికి ఉత్తరాన రెండు పెద్ద బాటలు బయలుదేరుతాయి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరు వైపునకు, రెండవది శామీర్‌పేట చెరువు ప్రక్కగా కరీంనగరానికి పోతుంది. ఇండ్లూ గిడ్డంగులూ ఆక్రమించగా మిగిలిన రాతినేలలలో, ఈ బాటల వెంబడి, తంగేడు పొదలూ మోదుగు చెట్లూ ఇంకా అక్కడక్కడ కనబడుతూనే ఉంటాయి. తంగేడు లేనిదే బతుకమ్మ లేదు. 2014లో అది తెలంగాణకు రాష్ట్ర పుష్పం కూడా అయినది. మోదుగు సంగతి వేరు. ఫాల్గుణంలో ఆకు రాల్చి, చెట్టంతా నిప్పంటుకొన్నట్లు పూస్తుంది. ఆ పూలను నీళ్లలో మరగించి, దిగిన కాషాయపు రంగును హోలీనాడు ఒకరిపై ఒకరు చల్లుకొనడం మన పల్లెలలో పాత వేడుక.

ఆ రంగు తెల్లబట్ట మీద పడినప్పుడు చూడ ముచ్చటగా ఉంటుంది. చాకిరేవుకు రెండుమార్లు పోయివచ్చేసరికి దాని జాడ ఉండదు. పూవులో రంగు ఉన్నంత మాత్రాన అది నూలును అంటి నిలుస్తుందన్న భరోసా లేదు. ఇక లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, పదునెనిమిదవ శతాబ్దంలో మన కోరమండల తీరాన చిత్రించిన నూలు దుప్పట్లు భద్రంగా ఉన్నవి. వాటి ఎరుపు నేటికీ ఎరుపుగానే ఉన్నది. అదీ మొక్కనుండి తీసిన రంగే. ఒక చెట్టు రంగు రెండు ఉతుకులకు పోవడమేమి, మరొక మొక్క రంగు రెండున్నర శతాబ్దాలు దాటి నిలవడమేమి? ఈ ప్రశ్నకు జవాబు వెదకబోతే మనము కలంకారీ చరిత్రలో అడుగుపెడతాము.

కలంకారీ అనగానే సాధారణంగా అందరూ బొమ్మలను గూర్చి చెబుతారు. పట్టాభిషేకమో, గీతోపదేశమో, తీగెలలో నెమళ్లో కంటికి కనబడతాయి గనుక అది సహజమే. మేము ఈ ప్రసంగంలో బొమ్మకంటె ముందుగా రంగును తలచదలచినాము. ప్రకృతిని చిత్రించిన కళ అని దీనికి పేరు. కాని ఆ వస్త్రాలపై చిత్రించిన పేరుగన్న చెట్టు ఏ అడవిలోనూ మొలవలేదు. నిజమైన చెట్లూ వేళ్లూ కాయలూ ఉన్నది రంగులో.

శామీర్‌పేట మీదుగా పోయే ఆ కరీంనగరపు బాటనే చాలదూరం సాగి, దుద్దెడ వద్ద తూర్పునకు మరలితే చేర్యాల వస్తుంది. అక్కడి నకాషీ చిత్రకారులు కూడ గుడ్డమీదనే బొమ్మలు వ్రాస్తారు. మడేలు పురాణము, మార్కండేయ పురాణము మొదలైన కులపురాణాలను కథకులు పాడి వినిపించేటప్పుడు, మూరల కొలది పొడుగు పటం ఒక్కొక్క ఘట్టంగా విప్పుతూ ఉంటారు. చేర్యాలవారు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, చెట్టుబంక పట్టించి గోడవలె గట్టిపరచి, దానిపై రంగు వేస్తారు. అక్కడ రంగు గుడ్డపై కూర్చుంటుంది. ఆ పటాన్ని ఎవరూ రేవుకు వేయరు. కలంకారీలో రంగు పైన కూర్చుండదు, నూలులోపలికి దిగుతుంది. ఈ రెండు విద్యలకూ గల భేదం ఇంతే అయినా, ఆ భేదంలోనే ఒక గొప్ప రసాయన రహస్యం ఇమిడి ఉన్నది.

రహస్యం పటికది. మంజిష్ఠవంటి వేళ్ల రసంలో ఉత్త నూలుగుడ్డను ముంచితే గులాబిచాయ మరక పడుతుంది, కడిగితే పోతుంది. ముందుగా గుడ్డకు పటిక పట్టించి ఆ పిదప అదే రసంలో ఉడికిస్తే, పటికలోని లోహమూ వేరులోని రంగూ నూలుపోగులోనే కలిసి విడరాని ముద్ద అవుతాయి. ఈ సంగతి మన దేశీయులకు ఎంత ప్రాచీన కాలంనుండి తెలుసునో చెప్పడానికి మొహెంజొదారో త్రవ్వకాలలో దొరికిన ఒక వెండిపాత్ర సాక్ష్యము. దానికి అంటుకొని ఉన్న నూలుగుడ్డ ముక్క మంజిష్ఠ జాతి వేరుతో రంగు వేసినదని పరీక్షించినవారు తేల్చినారు. అంటే నాలుగువేల ఏండ్లకు పైబడిన విద్య. ఐరోపావారు నూలుపై ఇటువంటి నిలుకడగల రంగులు వేయడం మన దేశపు వస్త్రాలను చూచిన తరువాతనే నేర్చుకొన్నారు.

శ్రీకాళహస్తిలో కలంకారీ పని ఎట్లు సాగుతుందో చూస్తే ఈ విషయం విశదమవుతుంది. దశలు పదిహేడని కొందరు, ఇరవైమూడని కొందరు లెక్కిస్తారు. ఉతుకును ఒక దశగా లెక్కించాలా వద్దా అన్నదానిపై లెక్క మారుతుంది; ఆ తగవులోనికి మేము పోము. మొదట కోరాగుడ్డలోని గంజి పోయేటట్లు ఉతికి, పేడనీటిలో నానవేసి, ఎండలో ఆరవేసి తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయల పొడి కలిపిన గేదెపాలలో గుడ్డను ముంచి పిండి ఆరవేస్తారు. కరక్కాయలోని వగరు నూలుకు పట్టుకొంటుంది. పాలలోని కొవ్వు, వ్రాసే గీత గుడ్డలో అలుముకొని పోకుండా ఆపుతుంది. ఏ పుస్తకమూ చదువని పనివారు ఇది ఎట్లు కనిపెట్టినారో ఊహించడం కష్టం. బహుశా పాలు ఒలికిన గుడ్డ ఏదో ఒకటి గురువై ఉంటుంది.

ఆరిన గుడ్డపై చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో లేతగా బొమ్మ గీస్తారు. అటుపిమ్మట కలము. కలమంటే వెదురుపుల్ల, ఒక కొన సన్నగా చెక్కి, కొనకు కాస్త పైన నూలో ఉన్నియో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకొని ఉంటుంది, వ్రేళ్లతో నొక్కినకొలదీ కొనకు దిగుతుంది. దానితో మొదట వ్రాసేది నల్లగీత. ఈ నలుపు సిద్ధం కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది: త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి కుండలో పులియబెడతారు. దీనిని కసిం అంటారు. కుండలో ఉన్నప్పుడు ఇది నల్లగా ఉండదు, మురికినీటివలె ఉంటుంది. కరక్కాయ వగరు పట్టిన గుడ్డమీద కలము కదిలిందో లేదో గీత నల్లబడుతుంది. ఇనుమూ వగరూ కలిసిన చోటనే నలుపు పుడుతుంది. అది తయారయ్యే స్థలం కుండ కాదు, గుడ్డ.

ఎరుపు ఇంతకన్న విచిత్రము. ఎక్కడెక్కడ ఎరుపు కావలెనో అక్కడ చిత్రకారుడు పూసేది ఎర్రరంగు కాదు, పటికనీరు. అది కంటికి కనబడీ కనబడనట్లు ఉంటుంది. ఒకటి రెండు దినాలు ఆగి, ఆ గుడ్డను పారే నీటిలో జాడిస్తారు. ఇక్కడ పారే నీరు అన్న మాట ముఖ్యము. నిలువ నీటిలో జాడిస్తే, విడివడిన పటిక నీటిలోనే తిరిగి, వద్దన్నచోట అంటుకొంటుంది. ఆ మచ్చలన్నీ రేపు ఎర్రబడతాయి. పారే నీరు మిగులు పటికను తీసుకొని పోతుంది. శ్రీకాళహస్తి పనివారికి స్వర్ణముఖి నది చేసిన ఉపకారం ఇది. ఆ తరువాత చిరివేరు, మంజిష్ఠ, సురుడు చెక్క వంటివి వేసిన రాగికాగులో గుడ్డను ఉడికిస్తారు. పటిక తగిలినచోట ఎరుపు మేలుకొంటుంది. తగలనిచోట లేత మరకే మిగులుతుంది; మరల పేడనీటిలో నానవేసి, నది ఇసుకపై పరచి, నీరు చిలకరిస్తూ ఎండబెడితే ఆ మరక విరిగి తెలుపు తేలుతుంది. ఇంత అయిన తరువాత మరల పాలలో ముంచి, పసుపుపచ్చ వేస్తారు. దానికి కరకపువ్వు వాడుతారు. పేరు పువ్వేగాని అది కరకచెట్టు ఆకుమీద పురుగు కుట్టగా లేచిన బుడిపె. చివరకు నీలి. పసుపుపచ్చపై నీలి పడితే ఆకుపచ్చ.

నీలిమందుకు గాలి గిట్టదు. తొట్టిలో పులిసినప్పుడు మాత్రమే అది నీటిలో కరుగుతుంది, గాలి సోకగానే గట్టిపడి నీలమవుతుంది. అందుచేత పూర్వము మచిలీపట్నం పనివారు నీలం రాదగిన చోట్లు వదలి తక్కిన గుడ్డనంతా మైనంతో కప్పి, నీలితొట్టిలో ముంచి, పిదప మైనాన్ని వేడినీటితో కరగదీసేవారు. ఒక దుప్పటిలో చారెడు నీలిపూలు ఉండవలెనన్నా ఇంత పని. 1693లో తన గ్రంథం ప్రకటించిన డేనియల్ హవార్టు అనే డచ్చివాడు, గోలకొండ రాజ్యంలో చాలకాలం ఉన్నవాడు, పాలకొల్లు చిత్రకారుల నిదానాన్ని చూచి విస్తుపోయి, ఓర్పునకు వారికంటె వేరే దృష్టాంతం అక్కరలేదన్న భావం వెలిబుచ్చినాడు.

ఈ రంగులలో రాజు చిరివేరు. ఇది తీరపు ఇసుకనేలలలో నేలబారున పెరిగే చిన్న మొక్క. చూపునకు కలుపుమొక్కవలె ఉంటుంది. దాని వేరు సన్నగా, పొడుగుగా దిగుతుంది, రంగంతా వేరు బెరడులో ఉంటుంది. ఆలిచిప్పలు చివికి కలసిన నేలలో పెరిగిన వేరుకు ఎరుపు ఎక్కువని పనివారి అనుభవం; ఆ సున్నమే కారణమని నేటి శాస్త్రజ్ఞులు చెబుతారు. 1618 మొదలు కొన్నేండ్లు మచిలీపట్నంలో ఉన్న ఆంగ్లేయుడు విలియం మెత్‌వోల్డు, గోలకొండ రాజ్యాన్ని గూర్చి తాను వ్రాసిన వృత్తాంతంలో నిజాంపట్నం ప్రాంతపు చిరివేరును ప్రత్యేకంగా పేర్కొన్నాడు. గుడ్డ చిరిగినా రంగు పోదని అతని ఆశ్చర్యం. విలియం రాక్స్‌బర్గు అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1795లో ప్రచురణ ఆరంభించిన కోరమండల తీరపు మొక్కల గ్రంథంలో చిరివేరును బొమ్మతోసహా వర్ణించినాడు. సేద్యం చేసిన వేరుకంటె అడవివేరుకే విలువ ఎక్కువ అని అతడు వ్రాసిన మాట గమనింపదగినది.

కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం గోలకొండకు సముద్రద్వారము. పారశీకులు, డచ్చివారు, 1611లో వచ్చి చేరిన ఆంగ్లేయులు అందరూ ఈ గుడ్డల కోసమే అక్కడ కాచుకొని ఉండేవారు. కలంకారీ అన్న పేరే పారశీకము. మన పనివారు మాత్రం చేతితో వ్రాసినదానిని వ్రాతపని అనీ, అచ్చుతో వేసినదానిని అద్దకం అనీ వేరుపరచేవారు. ఈ గుడ్డలకు జావా, మలుకా దీవులలో జాపత్రి, లవంగాలు మారకంగా దొరికేవి. బంగారంతో కొనలేనివి కొన్ని మన చీటిగుడ్డతో కొన్నారంటే అతిశయోక్తి కాదు.

ఇక ఆ చెట్టు సంగతి. మ్యూజియాలలోని పెద్ద దుప్పట్లలో, పలంగుపోషులని పేరు, నడుమ ఒక చెట్టు ఉంటుంది. రాళ్లగుట్టపై మొలచి, వంకరలు తిరుగుతూ పైకిపోయి, ఒకే కొమ్మకు దానిమ్మ, గులాబి, తామర, ఇంకా పేరు తెలియని పూలు నాలుగైదు విధాలు పూస్తుంది. దీనిని జీవవృక్షమనీ, కల్పవృక్షమనీ ఎన్నో వ్యాఖ్యలు చేసినారు. ఆ వ్యాఖ్యలు అసత్యమనము గాని, వర్తకుల చిట్టాలను మరువరాదు. 1643లో లండను నుండి ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరతులోని తమ ఉద్యోగులకు వ్రాస్తూ, ముదురెరుపు నేల గల దుప్పట్లు తమ దేశంలో అంతగా అమ్ముడుపోవనీ, నేల తెల్లగా ఉంచి నడుమ కొమ్మలూ పూలూ రంగులలో వేయించవలసినదనీ కోరినారు. తరువాతి కాలంలో అక్కడినుండి నమూనాలు కూడా వచ్చేవి. చీనా రాళ్లగుట్ట, పారశీకపు కొమ్మ, విలాయతీ గిరాకీ, మన చిత్రకారుని చేయి కలిసి ఆ చెట్టును మొలిపించినవి. కాగితంపై గీసిన బొమ్మకు సూదితో చిల్లులు పొడిచి, పైన బొగ్గుపొడి దులిపితే ఆ రూపు గుడ్డకు దిగేది. ఎవరో పంపిన పూవును ఎన్నడూ కంటితో చూడని మనిషి, తన పెరటి పూలరేకులతో దానిని పూర్తిచేసేవాడు. మాకు ఆ చెట్టులో అన్నింటికంటె ముచ్చటైనది ఆ రేకులే.

ఇంకొక వింత. ఆ పాత దుప్పట్లలో ఆకులు పెక్కుచోట్ల నీలంగా కనబడతాయి. చిత్రకారునికి నీలపుటాకులపై మోజు ఉండి కాదు. ఆకుపచ్చలోని పసుపుపచ్చ వెలుతురుకు తాళలేక ఎగిరిపోయినది, నీలి నిలిచినది. మోదుగు, కరకపువ్వు మొదలైన పచ్చచాయలకు ఆ అలవాటు ఉన్నది. వేరునుండి వచ్చిన ఎరుపూ, తొట్టిలో పుట్టిన నీలమూ మాత్రమే మాట నిలుపుకొన్నవి.

ఈ గుడ్డల మోజు ఐరోపాలో ఎంత ముదిరినదంటే ప్రభుత్వాలు జడిసినవి. ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించినది. ఇంగ్లండు మొదట దిగుమతిని ఆపే చట్టం చేసి 1701 నుండి అమలుపరచి, అది చాలక 1721లో ధరించడాన్నే నేరం చేసినది. అంతకు రెండేండ్ల ముందు లండను పట్టునేతగాండ్రు వీధులలో తిరుగుతూ, చీటిగుడ్డలు కట్టిన ఆడువారి బట్టలు చింపివేసినారు. మన తీరపు పనివాడు ఎవరికి ఏ అపకారమూ చేయలేదు. తన పని తాను చేసుకొన్నాడు. కాని ఇక్కడి ప్రతి మూరకూ అక్కడ ఒక మగ్గం ఆగుతుందని ఆ నేతగాండ్ర భయం. ఆ భయం అబద్ధం కాదు. నూరేండ్లు తిరిగేసరికి అదే బాధ దిశ మార్చుకొని మనవారి మీదికి వచ్చినది.

నిషేధం ఒకవైపు నడుస్తూ ఉండగానే రహస్యాన్ని పట్టుకొనే యత్నమూ సాగినది. 1734 ప్రాంతంలో బోలియే అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో పనివారి చెంత నిలిచి, ఒక్కొక్క దశ ముగియగానే గుడ్డలో ఒక ముక్క కత్తిరించి దాచుకొన్నాడు. ఆ ముక్కలు నేటికీ పారిసులో ఉన్నవి. 1742లో కూర్దూ అనే జెసూటు పాదిరి తాను తెలుసుకొన్న పద్ధతినంతా పెద్ద ఉత్తరంగా వ్రాసి పంపినాడు. తెలుగు, సంస్కృత భాషలను అభ్యసించిన పండితుడని మనవారు ఎరిగిన పాదిరి ఈయనే. ఫ్రాన్సు 1759లో నిషేధం ఎత్తివేసినది, మరుసటి యేడే జూయీ గ్రామంలో ఓబర్‌కాంఫు అచ్చుగుడ్డల కర్మాగారం తెరచినాడు. తరువాత ఇంగ్లండులో చెక్కిన రాగి ఉరుళ్లతో అచ్చు వేసే యంత్రాలు వచ్చినవి. పాలకొల్లు చిత్రకారుడు నెలలు పట్టి వ్రాసేది యంత్రం గంటలలో తేల్చినది.

అయినా చిరివేరుకు మిగిలిన కాస్త గిరాకీని తీసినది యంత్రం కాదు, ప్రయోగశాల. 1868లో గ్రేబె, లీబర్మాను అనే జర్మను శాస్త్రజ్ఞులు మంజిష్ఠ జాతి వేళ్లలోని అలిజరిన్ అనే ఎర్ర పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసినారు. కొద్ది సంవత్సరాలలోనే అది డబ్బాలలో మన రేవులకు దిగినది. 1897లో జర్మను నీలిమందు వచ్చి నీలికీ అదే గతి పట్టించినది. ఇసుకలో వేళ్లు త్రవ్వి అమ్మి బ్రతికే వారు ఏ గ్రంథంలోనూ పేరులేని వారు. వారి బేరం పడిపోయినప్పుడు ఎవరూ దానిని చరిత్ర అనుకొనలేదు. మచిలీపట్నానికి అంతకు ముందే, 1864 నవంబరు ఒకటవ తేదీ రాత్రి, ఉప్పెన వచ్చి ముప్పదివేలమంది వరకు బలి అయినారు. ఆ పట్టణం తన పూర్వపు వైభవానికి మరల ఎన్నడూ ఎదగలేదు.

విద్య పూర్తిగా మాసిపోకపోవడానికి దేవాలయం ఒక కారణం. శ్రీకాళహస్తి పనివారు విదేశీ గిరాకీకంటె గుడి తెరలకూ, రథాలకూ, కథావస్త్రాలకూ వ్రాసేవారు. బొమ్మల వరుసల క్రింద తెలుగులో కథ కూడ వ్రాసేవారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ పని తెలిసినవారు అక్కడ వ్రేళ్లమీద లెక్కింపదగినంత మంది. అఖిల భారత హస్తకళా మండలి తరఫున కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకొనగా 1957లో ఆ ఊరిలో శిక్షణ కేంద్రం ఏర్పడినది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ గురువు. వారి కుమారుడు గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ లభించినది. ఒకప్పుడు కొద్దిమంది మగవారి చేతిలోనే ఉన్న కలము నేడు అక్కడి ఆడువారు అనేకులు పట్టినారు.

మచిలీపట్నం దారి వేరు. అక్కడ, ప్రక్కనున్న పెడనలో, టేకుచెక్కపై పూలూ తీగెలూ చెక్కి అద్దకం వేస్తారు. ఎరుపునకు చిరివేరుకు బదులు పెక్కుమంది అలిజరిన్ వాడుతారు. ఇది మోసమని కొందరు కఠినంగా అంటారు. మేము అంతదూరం పోలేము. అలిజరిన్ అణువు వేరునుండి వచ్చినా సీసానుండి వచ్చినా ఒక్కటే. పటిక, కాగు, పారే కాలువ నీరు అన్నీ పాత పద్ధతివే. ఆ పనికి ఇంకా మనిషి చేయి కావలెను. మోసమని అనదగినది వేరే ఉన్నది: నూలే కాని గుడ్డపై యంత్రంతో అచ్చువేసి, కలంకారీ అని పేరుపెట్టి హైదరాబాదు బజారులలో అమ్మే సరకు. దానిమీద చెట్టు ఉంటుంది, నెమలి ఉంటుంది. కరక్కాయ వగరు మాత్రం ఉండదు; క్రొత్త శ్రీకాళహస్తి గుడ్డను ముక్కుదగ్గర పెట్టుకొంటే పాలవాసనా ఆ వగరువాసనా కలసి ఇంకా తగులుతుంది. కొనేవారికి మేము చెప్పగల గుర్తు ఇది ఒక్కటే.

నేటి పనివారికి రంగుకంటె నీటి చింత ఎక్కువ. స్వర్ణముఖి సంవత్సరంలో చాలభాగం ఇసుకతిన్నెగానే ఉంటుంది. నది పారని నెలలలో గొట్టపుబావి నీటిని తొట్లలో పట్టి, మార్చి మార్చి గుడ్డను జాడించవలసి వస్తుంది. భూమిలోతునుండి వచ్చిన ఆ నీటిలో కరిగిన లవణాలు వేరు. ఇనుము కాస్త ఎక్కువైతే చాలు, ఎరుపు మాసి గోధుమచాయకు దిగుతుంది. అందుచేత జాగ్రత్తగల పనివాడు పెద్దగుడ్డను కాగులో వేయడానికి ముందు, పటిక పూసిన చిన్నపీలికను ఆ నీటిలో ఉడికించి, ఎండలో ఆరవేసి, దాని రంగు చూచుకొంటాడు.